హంసవల్లి కడుపులో కంపు

కనుమ ఇంకా క్రోసు దూరంలో ఉండగానే కంపు మళ్ళీ మొదలైంది.

అప్పుడే సముద్రం మీదికి వచ్చిన సూర్యుడు నీళ్ళ నిండా కుంకుమ ఆరబోశాడు. ఆ ఎర్రదనంలో, ఎదురుగా, రెండు నల్లని కొండలు నిటారుగా నిలబడి ఉన్నాయి. వాటి నున్నని రాతి మీద గడ్డిపోచ మొలవదు. పక్షి వాలదు. అల వచ్చి తాకినా చప్పుడు పుట్టదు. రెండు కొండల నడుమ, రెండు ఓడలు పక్కపక్కన పోయేంత నీటిదారి, పరిచిన నీలం పట్టుచీరలా ముడత లేకుండా మెరుస్తూ ఉంటుంది. దాని పేరు మూగకనుమ. దూరం నుంచి చూసినవాళ్ళు ఎంత అందమో అంటారు. దగ్గరికి పోయినవాళ్ళు ఏమన్నారో మనకు తెలియదు, చాలామంది తిరిగి రాలేదు.

ఎందుకంటే ఆ ఎడమ కొండ అడుగున, గుహలో, గంధగ్రాహి ఉంది. ఆ జంతువుకు కళ్ళు లేవు, చెవులు లేవు. తలంతా ముక్కే. పూల వాసన, చెక్క వాసన, బతికున్న మనిషి చెమట వాసన దానికి పట్టవు. కుళ్ళిన వాసన ఒక్కటి సోకితే చాలు, ఎంత పెద్ద ఓడ అయినా దాని లెక్కకు చచ్చిన తిమింగలమే. అందుకే ఆ దారిన పోయే ఓడలను ముందు మూడు రోజులపాటు కడిగి, తుడిచి, ఎండబెట్టి, పెళ్ళికూతురిని చేసి మరీ తీసుకుపోతారు.

మన హంసవల్లిని కూడా కడిగారు. కానీ హంసవల్లి వయసు అరవై ఏళ్ళు. మాంత్రికుడు వికటకేతుడు శోణగిరి రేవులోని ఓడలన్నిటినీ మంత్రాగ్నితో తగలబెట్టినప్పుడు, ఒడ్డున ఒక పక్కకు ఒరిగి ఉన్న ఈ ముసలిదాన్ని ఓడగా లెక్కపెట్టక వదిలేశాడు. అదే శోణగిరి యువరాజు ఉదయభద్రుడికి దక్కిన అదృష్టం. దాన్ని అదృష్టం అనవచ్చో లేదో ఈ పూట తేలిపోతుంది.

ఓడలో మాత్రం ఉదయభద్రుడు అనేవాడు లేడు. అడుగున చేరే నీళ్ళు తోడే భద్రయ్య ఉన్నాడు. మోకాళ్ళ పైకి ఎగగట్టిన గోచీ, చేతిలో తోడుడు డొప్ప, ఒంటి నిండా మురికి. మాంత్రికుడి గూఢచారులు ప్రతి రేవులోనూ యువరాజు కోసం కాచుకుని ఉన్నారు గనుక, ఓడలో అందరికంటే తక్కువ పని అతను కోరి తీసుకున్నాడు. ఆ సంగతి ఓడ నడిపే తండేలు నూకన్నకు ఒక్కడికే తెలుసు. వెనుక గదిలో తెర చాటున నిద్రపోతున్న అమ్మాయి తండేలు మేనకోడలని, జబ్బు చేస్తే వైద్యానికి తీసుకుపోతున్నారని మిగిలిన పద్దెనిమిదిమంది కలాసీలు నమ్ముతున్నారు.

ఆమె యువరాజు చెల్లెలు కువలయ. వికటకేతుడు ఆమె మీద నిద్ర మంత్రం వేశాడు. రోజుకొక గోరు నీలమవుతుంది. పదో గోరు నీలమైన ఘడియలో ఊపిరి ఆగుతుంది. ఈ పొద్దున ఉదయభద్రుడు నీళ్ళు తోడే మిషతో ఆ గది ముందు ఆగి తెర తొలగించి చూశాడు. తొమ్మిది గోళ్ళు నీలం. కుడిచేతి చిటికెన వేలు ఒక్కటే ఇంకా పసిపిల్లల గోరులా ఎర్రగా ఉంది. విరుగుడు తెలిసిన వైద్యురాలు కనుమకు అవతల, అమృతపర్ణి దీవిలో ఉంది. మధ్యాహ్నపు పోటు అందుకుని కనుమ దాటితే సాయంత్రానికి దీవి చేరతారు. పోటు తప్పిపోతే, రాత్రి పోటులో చీకట్లో ఆ ఇరుకు దాటలేరు గనుక, మళ్ళీ రేపు మధ్యాహ్నమే. రేపు మధ్యాహ్నానికి అన్నగా అతను చేయవలసింది చితి పేర్చడమే.

"బద్రయ్యా!" అని తండేలు పిలిచాడు.

"వచ్చీసినాదిరా మళ్ళీ. రాత్రంతా నేదు. ఎండెక్కీసరికి ఇదిగో, మొదలెట్టీసినాది."

నిజమే. చల్లదనంలో ముడుచుకుని పడుకునే కంపు అది, ఎండ తగలగానే లేస్తుంది. పుల్లగా మొదలై, తియ్యగా మారి, చివరికి గొంతులో జిగురులా పట్టుకుంటుంది. ఎండుచేపలు మోసే ఓడ గనుక ఇన్నేళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు; ఎక్కడి నుంచి వస్తోందో మూడు రోజులుగా వెతుకుతున్నారు. అడుగునీళ్ళు చుక్క మిగలకుండా తోడి, సున్నం కొట్టి కడిగారు. ఎండుచేపల బుట్టలు ఏడ్చుకుంటూనే సముద్రంలో పారేశారు. పాత తాళ్ళు ఉప్పునీట ఉడకబెట్టారు. మడతల్లో బూజు పట్టిన తెరచాప ఒకటి దొరికితే, దొంగ దొరికాడనుకుని సంబరపడి దాన్నీ వదిలించుకున్నారు. కంపు మాత్రం అత్తారింటికి వచ్చిన అల్లుడిలా కదిలితే ఒట్టు.

"ఎంత సేపుంది పోటుకు?" అన్నాడు ఉదయభద్రుడు.

"పొద్దు నడినెత్తికొచ్చీదాకా. రెండు జాములు." తండేలు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "బాబూ, ఎనక్కి తిప్పీమంటారా?"

"తిప్పితే చెల్లెలు పోతుంది."

"తిప్పకపోతే అందరం పోతాం."

యువరాజుకు భయం వేసింది. పద్దెనిమిదిమంది ప్రాణాలు తన చెల్లెలి వేలిగోరుకు ముడిపెట్టానని తెలిసిన భయం.

అంతలో ఓడ ముందు భాగం నుంచి గుప్పున తెల్లని పొగ లేచింది. కలాసీలు నిప్పుకుండలో దోసిళ్ళతో సాంబ్రాణి పోస్తున్నారు. ఉదయభద్రుడు పరుగెత్తి ఆ కుండను కాలితో తన్ని సముద్రంలోకి దొర్లించాడు.

"ఒరే, నీకు పిచ్చెక్కిందేటి!" అని ముసలి కలాసీ అప్పలసూరి అతని మెడ పట్టుకున్నాడు. డెబ్బై ఏళ్ళ అప్పలసూరి ఈ ఓడలోనే పెరిగాడు. ఓడ ఆచారాలన్నీ అతని నోట్లోనే ఉంటాయి. తండేలు కూడా అతని మాట తీసెయ్యడు.

"తాతా, కంపు మీద సాంబ్రాణి వేస్తే కంపు చావదు. మన ముక్కులు చస్తాయి. మన ముక్కుకు దొరకనిది దాని ముక్కుకు దొరకకుండా పోతుందా?"

అప్పలసూరి చెయ్యి వదిలాడు. కానీ అనుమానంగా చూశాడు. నీళ్ళు తోడేవాడికి ఇంత మాట ఎక్కడిది?

ఎక్కడిదో మనకు తెలుసు. శోణగిరి అంతఃపురంలో అత్తరులు చేసే ముసలాయన దగ్గర యువరాజు మూడేళ్ళు వాసనలు పట్టడం నేర్చుకున్నాడు. రాజ్యాలేలేవాడికి ఈ విద్య ఎందుకని అప్పట్లో మంత్రులు ముసిముసిగా నవ్వుకున్నారు. ఇప్పుడు అతను తండేలు అనుమతితో వంటవాడి చేత నీళ్ళు కాగబెట్టించి, శుభ్రమైన గుడ్డపేలికలు పన్నెండు చింపించాడు. ఒక్కొక్క పేలిక వేడినీటిలో ముంచి పిండి, ఓడలో ఒక్కొక్క చోట అద్ది రుద్దమన్నాడు. ఏది ఎక్కడ రుద్దారో ముళ్ళు వేసి గుర్తు పెట్టించాడు. వేడి తడికి చెక్కలో దాక్కున్న వాసన గుడ్డలోకి ఎక్కుతుంది. అప్పుడు పేలికలన్నీ పట్టుకుని, ఎదురుగాలి తగిలే ముందు భాగం చివరికి పోయి నిలబడ్డాడు.

ఒక పేలిక వాసన చూడటం, తల తిప్పి తన మోచేతి మడతలో మూడుసార్లు ఊపిరి పీల్చడం, మళ్ళీ ఇంకో పేలిక. సొంత ఒంటి వాసన ముక్కును కడుగుతుందని అత్తరు ముసలాయన చెప్పేవాడు. కలాసీలు గుడ్లప్పగించి చూస్తున్నారు. నీటి పీపాల పక్క పేలికలో పాచి వాసన. వంటగదిలో మాడిన నూనె. చుక్కాని గదిలో ఏమీ లేదు. వెనుక గది పేలికను అతను ముక్కుకు ఆనించుకున్నాడు. అందులో కువలయ తలకు రాసే కొబ్బరినూనె వాసన తప్ప మరేమీ లేకపోవడంతో కళ్ళ నీళ్ళు తిరిగాయి.

తొమ్మిదో పేలిక ముక్కు దగ్గరికి రాకముందే కంపు గుప్పుమంది.

"ఇది ఎక్కడిది?"

"తెరచాప పెద్ద స్తంభం మొదట్లోది. కానీ అక్కడ నీళ్ళు నిలవవు కదరా, ఎప్పుడూ పొడిగానే ఉంటాది," అన్నాడు తండేలు.

ఆ మాట పూర్తికాకుండానే ఎవరో కెవ్వున అరిచారు.

ఓడ గోడ వెంట పీతలు ఎక్కి వస్తున్నాయి. అరచేయంత పీతలు, ఉడికిన అన్నంలా తెల్లనివి, కళ్ళు ఉండవలసిన చోట నున్నని పెంకు. గంధగ్రాహి గుహలో పుట్టి, అది తిని వదిలిన ఎముకలు గీక్కుని బతికే గుడ్డిపీతలు అవి. అవి వచ్చాయంటే వాసన గుహ దాకా పోయిందన్నమాట. వాటి యజమాని ఇంకా నిద్ర లేవలేదు, అంతే తేడా.

కలాసీలు తెడ్లతో కొట్టి నీళ్ళలోకి నెడుతున్నారు. పది పడితే ఇరవై ఎక్కుతున్నాయి. ఎవరో దేవుళ్ళ పేర్లన్నీ కలిపి ఒకే ఊపిరిలో పిలుస్తున్నారు. ఆ గోలలో ఒక సంగతి ఉదయభద్రుడి కంటబడింది. పీతలు ఓడంతా ఎక్కడం లేదు. ముందు భాగంలో ఒక్కటీ లేదు, వెనుక భాగంలో లేదు. అతను నడుముకు తాడు కట్టించుకుని ఓడ పక్కకు వేలాడి, కాళ్ళ కింద కొండీలు కటకటలాడుతుంటే చూశాడు. సరిగ్గా నడిమధ్యన, స్తంభం మొదలుకు ఎదురుగా, రెండు పలకల మీద పీతలు గుత్తులు గుత్తులుగా వేలాడి చెక్కను గీకుతున్నాయి. వాటి కింద, తేట నీళ్ళలోంచి, పాత రాగి రేకు ఒకటి కనిపించింది.

"పైకి లాగండి!" అని అరిచాడు. "దొరికింది. స్తంభం మొదట్లోనే, లోపలి పలకకూ బయటి పలకకూ నడుమ ఉంది. పలక ఊడదీయాలి."

అప్పలసూరి స్తంభం ముందుకు వచ్చి, చేపలు పొడిచే బరిసె ఎత్తి అడ్డంగా నిలబడ్డాడు.

"అది ఓడతల్లి నోరురా. ఆ పలక మీద సెయ్యేస్తే పొడిసీస్తాను."

హంసవల్లి కలాసీలకు ఒక ఆచారం ఉంది. అన్నం ముందు కూర్చున్న ప్రతివాడూ మొదటి ముద్ద తాను తినడు. స్తంభం మొదట్లో పిడికిలి పట్టేంత రంధ్రం ఒకటి ఉంది. ఆ ముద్దను కళ్ళకద్దుకుని అందులో వేస్తాడు. ఓడతల్లికి పెట్టకుండా తిన్న కూడు ఒంటబట్టదు. ముద్ద లోపలి దారిన జారి, అడుగున ఉన్న చిల్లిలోంచి సముద్రంలో కలుస్తుంది. అరవై ఏళ్ళుగా తుఫానులోనైనా, జ్వరంలోనైనా, ఎవరూ ఆ ముద్ద మానలేదు. ఉదయభద్రుడు కూడా నలుగురితో పాటు తొమ్మిది రోజులుగా వేస్తూనే ఉన్నాడు.

"తాతా," అన్నాడు అతను నెమ్మదిగా. బరిసె మొన అతని రొమ్ముకు తగులుతోంది. "ముద్ద సముద్రంలో కలుస్తుందంటారు కదా. కింద చిల్లి ఎక్కడుంది? నేను ఇప్పుడే బయటి నుంచి చూసి వచ్చాను. అక్కడ చిల్లి లేదు. రాగి రేకు ఉంది."

అప్పలసూరి ముఖం పాలిపోయింది. అతను తండేలు వైపు చూశాడు. తండేలు తలపాగా తీసి చేత్తో నలుపుతున్నాడు.

"నానే," అన్నాడు నూకన్న చివరికి. "పన్నెండేళ్ళయ్యింది. అడుగు కారిపోతంటే ఒడ్డుకు లాగి రేకు కొట్టించినాను. చిల్లి సంగతి గేపకమే లేదు. తల్లి నోటికి ముద్ద పెడతన్నామనుకున్నాం గాని, గొంతు నొక్కీసినాననుకోనేదు."

పన్నెండేళ్ళు. పద్దెనిమిదిమంది. పూటకొక ముద్ద. ముసలివాడి చేతిలో బరిసె కిందికి వాలింది. అతను స్తంభానికి తల ఆనించి, "అమ్మా, ఇన్నాళ్ళూ మింగలేక నోట్లో పెట్టుకునున్నావేటే," అని గొల్లున ఏడ్చాడు. తరువాత తానే గొడ్డలి తెచ్చి ఉదయభద్రుడి చేతికి ఇచ్చాడు.

పలక ఊడింది. లోపలి నుంచి వచ్చిన గాలికి ముందు నిలబడ్డ ఇద్దరు అక్కడే కూలబడ్డారు. దీపం తాడుకు కట్టి లోపలికి దించితే, మూరెడు దిగకుండానే ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. రెండోసారి దించినా అంతే. దీపం బతకని చోట మనిషీ బతకడని కలాసీలకు తెలుసు. చాపలు పట్టుకుని నలుగురు లోపలికి గాలి విసిరారు. పొద్దు ఎక్కుతోంది. మూడో దీపం మినుకుమినుకుమంటూ నిలబడింది.

"ఎవురు దిగుతారు?" అన్నాడు తండేలు, ఎవరి ముఖమూ చూడకుండా.

సందు మనిషి భుజాలు పట్టేంత. అడుగు పని ఎప్పుడూ అడుగువాడిదే. నీళ్ళు తోడేవాడు ముందుకు వచ్చాడు.

లోపల ఏముందో పూర్తిగా చెప్పను, అన్నం తిని చదువుతున్నవాళ్ళు ఉంటారు. నడుము లోతున మెత్తగా ఉంది. కింద కదులుతోంది. ఉదయభద్రుడు ముక్కుకు నిమ్మరసం పిండిన గుడ్డ కట్టుకుని, కొబ్బరిచిప్పతో తోడి జాడీలకు ఎత్తాడు. పైవాళ్ళు ఒక్కొక్క జాడీనీ లాగి, మూతికి గుగ్గిలం పోసి మూసి, ఓడ పక్కన కట్టిన చిన్న దోనెలో పెట్టారు. పారబోస్తే వాసన నీళ్ళ వెంట పోతుందని భయం. చెవి పక్కనే, పలక అవతల, పీతల గీకుడు వినిపిస్తూనే ఉంది. ఒకసారి ఆ గీకుడు ఆగింది. సముద్రం మొత్తం ఒకసారి లోపలికి పీల్చుకున్నట్టు ఓడ ఎడమవైపుకు ఒరిగి, మళ్ళీ నిలబడింది. కొండ అడుగున ఏదో పొర్లింది. అతనికి చిప్ప చేతిలోంచి జారింది. పైకి లాగమని అరవాలనిపించింది. ఎర్రగా ఉన్న ఆ ఒక్క గోరూ గుర్తుకొచ్చి, వంగి చిప్ప వెతుక్కున్నాడు.

ఇరవై ఆరు జాడీలు. తరువాత పులిసిన గంజి, తరువాత సున్నం, తరువాత మళ్ళీ గంజి, ఆఖరున ఎండలో ఆరబెట్టిన బొగ్గుపొడి పట్టించి పలకలు రుద్దాడు. తాడు లాగి పైకి తెచ్చేసరికి అతనికి స్పృహ లేదు. పద్నాలుగు కుండల నీళ్ళు, నిమ్మకాయలు, సున్నిపిండి పెట్టి తోమారు.

కళ్ళు తెరిచేటప్పటికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. కలాసీలు నవ్వుతున్నారు. అప్పలసూరి స్తంభం మొదట్లో తడిపేలిక రుద్ది వాసన చూసి, "కొత్త కొయ్యలా ఉందిరా!" అని గంతేశాడు. ఓడ పక్కనున్న పీతలు పండుటాకుల్లా రాలిపోయాయి. పోటు మొదలైంది. తెరచాప నిండింది. అరవై ఏళ్ళ హంసవల్లి పదహారేళ్ళ పిల్లలా కనుమ వైపు తిరిగింది.

ఉదయభద్రుడు లేచి ఓడ అంచున చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఇక భయం లేదనుకున్నాడు. అప్పుడే చేతి పక్కన కటకటమని వినిపించింది.

తెల్లని పీత ఒకటి అంచు మీదికి ఎక్కి, అతని వేళ్ళ వైపు వస్తోంది. దాని వెనుక ఇంకొకటి. కిందికి చూస్తే పదులకొద్దీ. అతను నాలుగు అడుగులు ముందుకు వేశాడు. నీళ్ళలో ఆ తెల్లని గుంపు నాలుగు అడుగులు ముందుకు జరిగింది. అతను గబగబా ఓడ చివరి దాకా పోయాడు. గుంపు కూడా వచ్చింది. ఈసారి వెనక్కి పరుగెత్తాడు, చెల్లెలి గది పక్కగా. మరుక్షణం గది కిటికీ కింద గోడ నిండా కొండీలు లేచాయి.

మోచేతి మడతలో ముక్కు పెట్టి పీల్చాడు. తన ఒంటి వాసన లేదు. పన్నెండేళ్ళ ముద్దల వాసన ఉంది. జుట్టులో, గోళ్ళలో, చర్మం లోపల. ఓడ శుభ్రపడింది. ఓడలో కుళ్ళినది ఇప్పుడు అతనొక్కడే.

కనుమ నోరు ఎదురుగా ఉంది. ఎడమ కొండ మొదట్లో నీళ్ళు మెల్లగా లోపలికి పోయి, మెల్లగా బయటికి వస్తున్నాయి. ఊపిరి. నిద్ర లేచినవాళ్ళ ఊపిరి.

"నూకన్నా, నన్ను దోనెలో దించు," అన్నాడు. "జాడీలు అందులోనే ఉన్నాయి. నేను ఎడమ కొండ వైపు పోతాను. నువ్వు కుడి కొండను ఒరుసుకుంటూ పోనియ్యి."

"నా వల్ల కాదు బాబూ."

"మళ్ళీ కడుక్కునే వ్యవధి లేదు. నేను ఓడలో ఉంటే అది ఆ కిటికీ దగ్గరికే వస్తుంది."

తండేలు కిటికీ వైపు చూశాడు. ఒక పీత అప్పటికే కిటికీ చెక్క మీద ఉంది. అతను తాడు విప్పాడు. విప్పుతూ, పద్దెనిమిదిమంది వింటున్నారన్న సంగతి మరిచిపోయి, "యువరాజా!" అని పెద్దగా ఏడ్చేశాడు.

తొమ్మిది రోజులుగా తాము కసిరి, ఎంగిలి కుండలు తోమించి, ఇందాక ఆ గోతిలోకి దింపిన మనిషిని కలాసీలు వెర్రివాళ్ళలా చూశారు. అప్పలసూరి ముందుకు పడి అతని పాదాలు పట్టుకోబోయాడు. "ముట్టుకోకు తాతా, నీకూ అంటుతుంది," అని ఉదయభద్రుడు అరిచి, వెనక్కి తిరిగి చూడకుండా దోనెలోకి దూకాడు. చూస్తే దూకలేనని అతనికి తెలుసు.

తెడ్డు వేస్తూనే ఒక్కొక్క జాడీ మూతినీ పగలగొట్టాడు. కంపు గుప్పున లేచింది. గుడ్డిపీతలు హంసవల్లిని వదిలి, నీళ్ళ మీద తెల్లని బాటలా దోనె వెంట తిరిగాయి. అటు ఓడ కుడి కొండ నీడలోకి ప్రవేశించింది. ఇటు దోనెను నీళ్ళే లాక్కుపోతున్నాయి, తెడ్డు వెయ్యనక్కరలేదు. ఊపిరి లోపలికి పీల్చినప్పుడల్లా ఇరవై బారలు. బయటికి వదిలినప్పుడు ముఖాన వెచ్చని, తడి గాలి.

సముద్రం ఉబ్బింది. నల్లని, వెంట్రుకలు లేని, ఏనుగుల మందంత తల ఒకటి చప్పుడు లేకుండా నీళ్ళలోంచి లేచింది. దాని నిండా గుంటలు. గుంటలన్నీ తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఆ తల మొదట ఓడ వైపు తిరిగింది. కుడి కొండ కింద హంసవల్లి ఇంకా సగం దారిలోనే ఉంది. తల అక్కడే ఆగి, పీల్చింది. ఉదయభద్రుడు రెండు చేతులా జాడీ ఎత్తి తన నెత్తి మీద కుమ్మరించుకున్నాడు.

తల ఇటు తిరిగింది.

అతను పళ్ళు బిగబట్టి దాని వైపు చూడలేదు. దాని పక్కగా ఓడ వైపే చూశాడు. ముందు భాగం మలుపు తిరిగింది. స్తంభం తిరిగింది. తెర కట్టిన వెనుక గది కిటికీ ఒక్క క్షణం ఎండలో మెరిసి, కొండ చాటుకు పోయింది. కువలయ దాటిపోయింది.

అప్పుడు, పొద్దున్నుంచి గుండెలో అదిమిపెట్టిన భయమంతా ఒక్కసారిగా తన్నుకు వచ్చింది. శోణగిరి యువరాజు చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే తెడ్డును తిరగేసి బల్లెంలా పట్టుకుని, ఎదురుగా తెరుచుకున్న నల్లని ముక్కురంధ్రంలోకి దోనెతో సహా జారిపోయాడు.